మారోవిండ్ మళ్ళీ మొదలుపెట్టాలి: పాత ఇంజినా, ఓపెన్‌ఎండబ్ల్యూనా?

మడివాల_మంత్రగాడు (బెంగళూరు)

గేమ్: మారోవిండ్, గేమ్ ఆఫ్ ది ఇయర్ ఎడిషన్. ట్రిబ్యూనల్, బ్లడ్‌మూన్ అనే ఎక్స్‌పాన్షన్లు (అదనపు కథలు) రెండూ ఇందులోనే ఉన్నాయి. మెషిన్: విండోస్ 11 ల్యాప్‌టాప్, 16 జీబీ ర్యామ్, 6 జీబీ ఎన్విడియా కార్డు, స్క్రీన్ 2560×1600, 165 హెర్ట్జ్. గేమ్ ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో ఉంది. మాడ్ (ఆటని మార్చడానికి ఆటగాళ్ళు చేసే ఫైళ్ళు) ఒక్కటి కూడా వేయలేదు.

ఇబ్బందులు వరసగా రాస్తున్నా.

స్క్రీన్ అసలు రిజల్యూషన్ పెడితే అక్షరాలు చీమల్లా ఉన్నాయి. తగ్గిస్తే బొమ్మ మసక. నాలుగడుగులు వేసేసరికి ముందంతా పొగమంచు. ఆల్ట్-ట్యాబ్ కొట్టి బయటికొస్తే తిరిగి వెళ్ళినప్పుడు నల్ల స్క్రీనే. మారోవిండ్.ఐఎన్ఐ అనే సెట్టింగ్‌ల ఫైల్ నోట్‌ప్యాడ్‌లో మారిస్తే పర్మిషన్ లేదంటుంది. అడ్మిన్‌గా తెరిచి మార్చినా గేమ్ మాత్రం పాత విలువలే చదువుతోంది. ఆటలో బాల్మోరా అనే ఊళ్ళో వీధి మధ్య నిలబడితే ఫ్రేమ్‌లు సగానికి పడిపోతున్నాయి. ఇంత కార్డు పెట్టుకుని 2002 నాటి గేమ్‌కి ఇదేం ఖర్మ?

చివరిది: కత్తి ఎలుక ముక్కు మీదే దించినా తగలట్లేదు. ఇది బగ్గా?

పాత ఇంజిన్‌కే (ఆటని నడిపే ప్రోగ్రామ్) ప్యాచ్‌లు వేసుకోమని కొందరు, ఓపెన్‌ఎండబ్ల్యూ అనే కొత్త ఇంజిన్ వేసుకోమని కొందరు అంటున్నారు. ముందు టెక్స్చర్ ప్యాక్‌లు (వస్తువుల పైపూత బొమ్మలు) దించుకుని తర్వాత ఇది తేల్చుకోవచ్చా?

---

అడయార్_ఆర్క్‌మేజ్ (చెన్నై)

టెక్స్చర్లు ఆగనీ అన్నా. ముందు ఇంజిన్ తేల్చుకోండి. ఒకదానికి రాసిన మాడ్ రెండోదాంట్లో నడవాలని లేదు. ఎంసీపీ (బగ్‌లు సరిచేసేది), ఎంజీఈ ఎక్స్ఈ (గ్రాఫిక్స్ మెరుగుపరిచేది), ఎండబ్ల్యూఎస్ఈ (స్క్రిప్ట్ మాడ్లు నడిపేది), ఈ మూడూ పాత ఇంజిన్ ఉండే మారోవిండ్.ఈఎక్స్ఈకి అతుక్కుని పనిచేసేవి. ఓపెన్‌ఎండబ్ల్యూ ఆ ఈఎక్స్ఈని ముట్టుకోనే ముట్టుకోదు. ఇంజిన్ మొత్తం కొత్తగా రాసి, మీ దగ్గరున్న గేమ్ నుంచి డేటా ఫైల్స్ మాత్రం చదువుతుంది. కాబట్టి ఎండబ్ల్యూఎస్ఈ కోసం లూవా అనే స్క్రిప్ట్ భాషలో రాసిన మాడ్లు అందులో పనిచేయవు. ఓపెన్‌ఎండబ్ల్యూ కోసం రాసిన లూవా మాడ్లు ఇటు పనిచేయవు. మామూలు ఈఎస్‌పీ ఫైళ్ళు (మాడ్ డేటా), మెష్‌లు (వస్తువుల ఆకారాలు), టెక్స్చర్లు ఎక్కువశాతం రెండింట్లోనూ నడుస్తాయి.

మీ ఐఎన్ఐ సంగతి. ఏ దారి పట్టినా ఇది సరిచేయాల్సిందే. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మామూలు ప్రోగ్రామ్‌ని రాయనివ్వకపోవడం విండోస్ పద్ధతి. ఈ గేమేమో అంతకుముందు కాలంది, సేవ్‌లూ సెట్టింగ్‌లూ తన ఫోల్డర్‌లోనే రాసుకుంటుంది. కాదంటే గేమ్ పడిపోతుందని విండోస్ ఒక దొంగదారి చూపిస్తుంది: ఆ రాతలన్నీ యాప్‌డేటా, లోకల్ కింద వర్చువల్‌స్టోర్ అనే ఫోల్డర్‌లో దాస్తుంది. తర్వాత గేమ్ చదివేది ఆ దాచిన కాపీనే. మీరు అడ్మిన్‌గా మార్చింది అసలు ఫైల్‌ని. ఒకే పేరుతో రెండు ఫైళ్ళు, మీరొకటి చూస్తున్నారు, గేమ్ ఒకటి చూస్తోంది. అందుకే మార్పు కనబడట్లేదు.

మందు: గేమ్ తీసేసి, సీ డ్రైవ్‌లోనో డీ డ్రైవ్‌లోనో గేమ్స్ అని సొంత ఫోల్డర్ చేసి అక్కడ ఇన్‌స్టాల్ చేయండి. మొత్తం కలిపి ఒక జీబీ చిల్లర, పీజీ వైఫైలో కూడా ఎంతోసేపు పట్టదు. ఫోల్డర్ పేరు తెలుగులో పెట్టకండి. ఇప్పటి విండోస్ ఒప్పుకుంటుంది గానీ పాత టూల్స్‌కి ఇంగ్లిష్ అక్షరాలు కాని దారి ఎదురైతే తడబాటే. పాత సేవ్‌లు కావాలంటే అన్‌ఇన్‌స్టాల్ చేసేముందే వర్చువల్‌స్టోర్‌లోంచి సేవ్స్ ఫోల్డర్ కాపీ తీసుకోండి.

ఇంజిన్ విషయంలో నా ఓటు ఓపెన్‌ఎండబ్ల్యూకే. మీరు చెప్పిన ఆరింటిలో నాలుగు అది వేయగానే పోతాయి. 64 బిట్, ఆల్ట్-ట్యాబ్‌కి బెదరదు, ఏ రిజల్యూషన్ అయినా తీసుకుంటుంది, సెట్టింగ్‌లు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాకుండా డాక్యుమెంట్స్, మై గేమ్స్, ఓపెన్‌ఎండబ్ల్యూ ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది. వెర్షన్ 0.49 గానీ ఆ తర్వాతది గానీ తీసుకోండి. సున్నాతో మొదలయ్యే నంబర్ చూసి సగం పని అనుకోవద్దు, మెయిన్ క్వెస్ట్ మొదటినుంచి చివరిదాకా ఆడుకోవచ్చు.

ఎక్కించే పద్ధతి ఇది. ముందు గేమ్‌ని కొత్త ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేసి, దాని లాంచర్ ఒకసారి తెరిచి మూసేయండి. తర్వాత ఓపెన్‌ఎండబ్ల్యూ ఇన్‌స్టాల్ చేసి దాని విజార్డ్ నడపండి. ఇప్పటికే ఇన్‌స్టాల్ అయిన గేమ్ ఉందని చెప్పి, డేటా ఫైల్స్ ఫోల్డర్‌లో ఉన్న మారోవిండ్.ఈఎస్ఎం (గేమ్ ముఖ్య డేటా ఫైల్) చూపించండి. ఐఎన్ఐ నుంచి సెట్టింగ్‌లు తెచ్చుకోమంటారా అని అడిగితే ఒప్పుకోండి. ఈ మెట్టు దాటేస్తే తర్వాత వింత వింత లోపాలు బయటపడతాయి. లాంచర్‌లో కంటెంట్ ఫైల్స్ దగ్గర మారోవిండ్, ట్రిబ్యూనల్, బ్లడ్‌మూన్ మూడింటికీ టిక్ ఉందో లేదో చూడండి, అదే వరసలో.

అక్షరాల కోసం సెట్టింగ్స్‌లో ఇంటర్‌ఫేస్ పేజీ తెరవండి. మీ స్క్రీన్‌కి స్కేలింగ్ 1.6 పెడితే మెనూలన్నీ 1600×1000 స్క్రీన్ మీద ఉన్నంత సైజుకి వస్తాయి. ఫాంట్ సైజు 16 నుంచి 18కి పెంచండి. ఈ గేమ్‌లో చదవడమే సగం ఆట, ఇక్కడ మొహమాటపడొద్దు.

పొగమంచుకి విజువల్స్ పేజీలో డిస్టెంట్ ల్యాండ్ (దూరపు నేల), ఆబ్జెక్ట్ పేజింగ్ (దూరపు వస్తువులు) రెండూ ఆన్ చేసి, చూపు దూరం సెల్స్‌లో పెట్టండి. ఒక సెల్ అంటే 8192 యూనిట్లు. గేమ్ మామూలు దూరం 7168, అంటే ఒక్క సెల్ కూడా పూర్తిగా లేదు. మీ కార్డుకి 8 సెల్స్ లెక్కే కాదు గానీ నన్నడిగితే 4, మహా అయితే 5. ఆట జరిగే వార్డెన్‌ఫెల్ నిజానికి చిన్న దీవి. పొగ ఉన్నప్పుడు ఆట మొదలయ్యే సెయిడా నీన్ నుంచి బాల్మోరా వేరే ఊరికి ప్రయాణంలా ఉంటుంది. పొగంతా తీసేస్తే పక్క వీధిలా కనబడుతుంది. ఆ పొగ అప్పటి కార్డుల చేతగానితనమే, కాదనను. కానీ దీవి సైజు దాచింది కూడా అదే.

నీడలు: యాక్టర్, ప్లేయర్ నీడలు పెట్టుకోండి. ఆబ్జెక్ట్ నీడలు ఊళ్ళలో ఫ్రేమ్‌లు మింగేస్తాయి, వాటిని చివర్లో చూసుకోవచ్చు. నీళ్ళ షేడర్ ఆన్ చేయండి, బిట్టర్ కోస్ట్ బురద కూడా ముచ్చటగా ఉంటుంది.

---

ఎస్పీరోడ్_స్పెల్‌స్వోర్డ్ (బెంగళూరు)

పైన చెప్పినదాంట్లో తప్పేం లేదు. కాకపోతే పాత ఇంజిన్‌ని మరీ చెత్తబుట్టలో వేసేశారు. ఎండబ్ల్యూఎస్ఈ లూవా మాడ్లలో కొన్నిటికి అటువైపు సాటి లేదు. ఇంటర్‌ఫేస్‌ని, క్రాఫ్టింగ్‌ని, శత్రువుల తెలివిని మార్చేవి ఇటే ఎక్కువ. మీకు కావాల్సిన మాడ్ల జాబితా ముందు రాసుకోండి. అందులో ఎండబ్ల్యూఎస్ఈ అడిగేవి మూడునాలుగు ఉంటే ఇటు రండి. ఒకటీ లేకపోతే ఆర్క్‌మేజ్ మాట వినండి, గొడవ లేదు.

ఇటు వచ్చేవాళ్ళకి వరస చాలా ముఖ్యం. వరస తప్పితే రెండోసారి ఇన్‌స్టాల్ చేయడమే దిక్కు.

మొదట గేమ్, ప్రోగ్రామ్ ఫైల్స్ బయట. లాంచర్ ఒకసారి తెరవాలి, రిజిస్ట్రీలో గేమ్ ఎంట్రీలు పడేది అప్పుడే. ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ వాళ్ళ డైరెక్ట్‌ఎక్స్ జూన్ 2010 ప్యాకేజీ. విండోస్ 11లో డైరెక్ట్‌ఎక్స్ 12 ఉంది కదా, మళ్ళీ ఇదెందుకు అని అందరూ దాటేసేది ఇక్కడే. ఎంజీఈ ఎక్స్ఈకి కావాల్సిన డీ3డీఎక్స్9 ఫైళ్ళు విండోస్‌తో రావు, ఆ ప్యాకేజీలోనే ఉంటాయి. అవి లేకపోతే ఫలానా డీఎల్ఎల్ దొరకలేదని గేమ్ మొదట్లోనే ఆగిపోతుంది.

తర్వాత మారోవిండ్ కోడ్ ప్యాచ్, అంటే ఎంసీపీ. గేమ్ ఫోల్డర్‌లోనే విప్పి నడపండి. సేవ్ పాడైపోయే బగ్‌ల లాంటివి ఇది ఈఎక్స్ఈలోనే సరిచేస్తుంది. డీఫాల్ట్‌గా టిక్ ఉన్నవి అలాగే ఉంచండి. అదనంగా స్నీక్ బటన్‌ని నొక్కిపట్టనక్కర్లేకుండా చేసేది, బేరసారాల లెక్క సరిచేసేది పెట్టుకోవచ్చు. మిగతా వాటిలో ఆట నియమాలు మార్చేవి ఉన్నాయి, వివరణ చదవకుండా అన్నిటికీ టిక్ కొట్టకండి. 4 జీబీ ప్యాచ్ దీని తర్వాతే. 32 బిట్ ప్రోగ్రామ్‌కి మామూలుగా 2 జీబీ మెమరీ మించి దొరకదు, ఆ ప్యాచ్‌తో 4 దాకా వాడుకోగలదు. మీకు 16 ఉన్నా 64 ఉన్నా దీనికి అందేది అంతే. పెద్ద టెక్స్చర్లు వేసి డిస్టెంట్ ల్యాండ్ పెంచితే ఆట నడుస్తూ నడుస్తూ చప్పుడు లేకుండా మూసుకుపోవడానికి ఇదే కారణం.

ఆఖరికి ఎంజీఈ ఎక్స్ఈ. రిజల్యూషన్, చూపు కోణం, బోర్డర్ లేని విండో, మెనూల స్కేలింగ్ అన్నీ దాని జీయూఐలోనే ఉంటాయి. బోర్డర్ లేని విండో పెట్టగానే ఆల్ట్-ట్యాబ్ పీడ వదులుతుంది. డిస్టెంట్ ల్యాండ్ మాత్రం బటన్ నొక్కగానే రాదు. అక్కడున్న విజార్డ్‌తో ముందే తయారుచేసుకోవాలి, ఫైళ్ళు డేటా ఫైల్స్ కింద డిస్టెంట్‌ల్యాండ్ ఫోల్డర్‌లో పడతాయి. భూమిని గానీ కట్టడాలని గానీ మార్చే మాడ్ వేసిన ప్రతిసారీ ఇది మళ్ళీ తయారుచేయాలి. లేకపోతే దూరం నుంచి ఒక ఊరు, దగ్గరికెళ్తే ఇంకో ఊరు. కొండమీద కనబడిన ఇల్లు దగ్గరికి పోయేసరికి మాయం.

బాల్మోరా ఫ్రేమ్‌ల గురించి. మీ కార్డు తప్పేం కాదు, దానికి అక్కడ పనే తగలట్లేదు. ఆ ఇంజిన్ పనంతా ఒకే థ్రెడ్ మీద చేస్తుంది. ప్రతి కుండకీ, పెట్టెకీ, గోడకీ విడివిడిగా 'ఇది గీయి' అని కార్డుకి చెప్పాలి. ఊళ్ళో ఇలాంటివి వేలల్లో ఉంటాయి. చెప్పేవాడు ఒక్కడు, గీసేవాడు ఖాళీగా కూర్చుంటాడు. అందుకే కార్డు మార్చినా పెద్దగా లాభం లేదు, చెప్పాల్సినవి తగ్గించాలి. మారోవిండ్ ఆప్టిమైజేషన్ ప్యాచ్ మెష్‌లని శుభ్రం చేస్తుంది. ప్రాజెక్ట్ అట్లాస్ చాలా టెక్స్చర్లని ఒకే పెద్ద బొమ్మలో కలుపుతుంది. రెండూ వేస్తే బాల్మోరా, వివెక్ రెండింట్లోనూ తేడా కళ్ళకి కనబడుతుంది. ఇవి ఓపెన్‌ఎండబ్ల్యూలో కూడా పనికొస్తాయి.

ఏ దారైనా ప్యాచ్ ఫర్ ప్యూరిస్ట్స్ వేసుకోండి. ఆట రుచి మార్చకుండా క్వెస్టుల్లో, సంభాషణల్లో ఉన్న తప్పులు దిద్దుతుంది. మారోవిండ్‌తోపాటు ట్రిబ్యూనల్, బ్లడ్‌మూన్ రెండూ ఆన్‌లో ఉంటేనే అది నడుస్తుంది. పాత ఇంజిన్‌లో లోడ్ ఆర్డర్ ఫైల్ తారీఖుని బట్టి ఉంటుంది, ఏ ఫైల్ కొత్తదైతే అది చివర. జిప్ విప్పే టూల్ తారీఖులు మార్చిందంటే వరస తారుమారు. ఓపెన్‌ఎండబ్ల్యూలో ఆ తలనొప్పి లేదు, లాంచర్‌లో లాగి పెట్టుకోవడమే.

---

సిల్క్‌బోర్డ్_సిల్ట్‌స్ట్రైడర్ (బెంగళూరు)

ఎలుక సంగతి ఎవురూ ముట్టుకోలేదే. అది బగ్ కాదు సామీ, లెక్క. కత్తి కంటికి తగిలినట్ల కనబడినా లోపల పాచిక ఎయ్యాల. పాచిక పడకుంటే గాలికి పోతాది.

లెక్క ఇదీ: ఆయుధం స్కిల్, అజిలిటీలో ఐదో వంతు, లక్‌లో పదో వంతు, మూడూ కూడాల. వచ్చినదాన్ని ఫటీగ్‌తో గుణించాల. ఆకుపచ్చ గీత నిండుగా ఉంటే 1.25, మొత్తం ఖాళీ అయితే 0.75. దాంట్లోనించి ఎదుటోడు తప్పించుకునే అంకె తీసేస్తే మిగిలేదే నీ శాతం. ఎదుటోని లెక్కా ఇట్లాంటిదే, ఆయుధం స్కిల్ ఒక్కటి ఉండదు.

నువ్వు చేసే తప్పు నేను చెప్తా చూడు. సెయిడా నీన్ ఆఫీసులో బల్లమీద ఇనుప బాకు దొరికింది, దాంతోనే బయల్దేరినావు. బాకు అంటే షార్ట్ బ్లేడ్. నీ క్లాసులో షార్ట్ బ్లేడ్ లేకుంటే దాని స్కిల్ 5. అజిలిటీ 40, లక్ 40 అనుకో. 5, 8, 4 కూడితే 17. ఫటీగ్ నిండుగా ఉంటే 21. ఎదుటోనికి కూడా అజిలిటీ, లక్ నలబై నలబై ఉంటే వాడు తప్పించుకునేది 15. మిగిలింది 6. నూరు పోట్లు పొడిస్తే ఆరు తగుల్తాయి. ఇంక ఊరంతా పరిగెత్తుకుంటా వచ్చి, ఫటీగ్ ఖాళీతో కొట్టినావంటే 17 కాస్తా 13కి దిగుతాది, వాడి 15 ముందర అది సున్నా. పొద్దుగూకేదాకా పొడిచినా తగలదు.

అదే రెడ్‌గార్డ్‌ని తీసుకో. లాంగ్ బ్లేడ్ మేజర్ స్కిల్ అయితే 30, జాతికి 15, కాంబాట్ స్పెషలైజేషన్‌కి 5, మొత్తం 50. అజిలిటీ, లక్ కూడితే 62. ఫటీగ్ నిండుగా ఉంటే 77.5, అదే ఎదుటోని మింద నూటికి 62 తగుల్తాయి. అలిసిపోయి ఉంటే 31. అదే మనిషి, అదే కత్తి, సగానికి సగం తేడా.

కాబట్టి మూడే మూడు పనులు. పట్టుకునే ఆయుధం నీ మేజర్ స్కిల్‌ది అయుండాల. కొట్లాటకి ముందర క్యాప్స్‌లాక్ నొక్కి నడకకి మారు, పరుగులో ఫటీగ్ కారిపోతాది, నడకలో కారదు. ఖాళీ అయిపోయుంటే టీ నొక్కి గంటసేపు పడుకో. మంత్రాలకీ, అంగట్లో బేరానికీ కూడా ఫటీగ్ లెక్క ఉంది. రొప్పుకుంటా అర్రిల్ అంగడికి పోతే వాడు ఎక్కువ చెప్తాడు, మన కేఆర్ మార్కెట్ లెక్కే.

ఎప్పుడూ తగిలేట్ల చేసే మాడ్లు ఉండాయి. నేనైతే వద్దంటా. వాటితో మొదటి పది లెవెళ్ళు సులువైపోతాయి గానీ అజిలిటీకీ, లక్‌కీ, ఫటీగ్‌కీ పనే లేకుండా పోతాది.

---

మడివాల_మంత్రగాడు

ఎలుక లెక్క సరిపోయింది, చేతిలో ఉన్నది బాకే. క్లాసు మార్చి మళ్ళీ మొదలుపెడుతున్నా.

ఎండబ్ల్యూఎస్ఈ మాడ్లేవీ అక్కర్లేదు కాబట్టి ఓపెన్‌ఎండబ్ల్యూ వేశాను. స్కేలింగ్ 1.6, చూపు 5 సెల్స్, ప్యాచ్ ఫర్ ప్యూరిస్ట్స్. ఇప్పుడు మూడు సమస్యలు. ఒకటి, కొన్ని వస్తువుల చోట ఆశ్చర్యార్థకం గుర్తు నిలబడి ఉంది. రెండు, ఒక టెక్స్చర్ ప్యాక్ వేశాను, ఏ మార్పూ లేదు. మూడు, సెట్టింగ్స్.సీఎఫ్‌జీలో చేత్తో రాసిన విలువ గేమ్ మూయగానే ఎగిరిపోతోంది. ఇవి కాక ఫ్యాన్ విమానం లేచినట్టు మోగుతోంది, మెనూలో ఉన్నప్పుడు కూడా.

---

అడయార్_ఆర్క్‌మేజ్ (చెన్నై)

ఆశ్చర్యార్థకం అంటే మెష్ ఫైల్ దొరకలేదని. టెక్స్చర్ దొరక్కపోతే గులాబీరంగు వస్తుంది, ఈ తేడా గుర్తుంచుకుంటే సగం వెతుకులాట తగ్గుతుంది. మీ విషయంలో ట్రిబ్యూనల్, బ్లడ్‌మూన్ ఈఎస్ఎంలు టిక్ అయ్యాయి గానీ వాటి బీఎస్ఏ ఆర్కైవ్‌లు చేరలేదు. వస్తువు ఉందని ఈఎస్ఎం చెబుతోంది, దాని ఆకారమేమో బీఎస్ఏలో ఉండిపోయింది. లాంచర్‌లో డేటా ఫైల్స్ కింద ఆర్కైవ్ ఫైల్స్ ట్యాబ్ తెరిచి మూడు బీఎస్ఏలకీ టిక్ పెట్టండి. ఓపెన్‌ఎండబ్ల్యూ.సీఎఫ్‌జీలో చూస్తే ఫాల్‌బ్యాక్ ఆర్కైవ్ లైన్లు మూడు కనబడాలి. ఐఎన్ఐ దిగుమతి దాటేసినప్పుడు, లేదా ఆ ఐఎన్ఐలోనే ఆర్కైవ్ లైన్లు లేనప్పుడు ఇలా అవుతుంది. అయినా పోకపోతే అదే ఫోల్డర్‌లో ఓపెన్‌ఎండబ్ల్యూ.లాగ్ తెరవండి, ఏ ఫైల్ దొరకలేదో పేరుతో సహా రాసి ఉంటుంది.

టెక్స్చర్ ప్యాక్: జిప్ విప్పినప్పుడు ఫోల్డర్‌లో ఫోల్డర్ పడి ఉంటుంది. లాంచర్‌కి చూపించాల్సింది టెక్స్చర్స్ అనే ఫోల్డర్ నేరుగా ఏ ఫోల్డర్‌లో కనబడుతుందో దాన్ని. దానికి ఒక మెట్టు పైన చూపించినా, టెక్స్చర్స్ లోపలికే వెళ్ళి చూపించినా పని జరగదు, ఎర్రర్ కూడా రాదు. ఇంకో సంగతి, డేటా డైరెక్టరీల జాబితాలో కింద ఉన్నది పైదాన్ని కప్పేస్తుంది. మీ ప్యాక్ అసలు గేమ్ డేటా ఫైల్స్ కన్నా కింద ఉండాలి. ఒక్కో మాడ్‌కి ఒక్కో ఫోల్డర్ పెట్టుకోండి, అసలు డేటా ఫైల్స్‌లో ఏమీ కలపకండి. నచ్చనిదాన్ని జాబితాలోంచి తీసేస్తే చాలు, మళ్ళీ ఇన్‌స్టాల్ చేసే పని ఉండదు.

సెట్టింగ్స్.సీఎఫ్‌జీ: గేమ్ మూసేటప్పుడు తన దగ్గరున్న విలువలు ఆ ఫైల్‌లో తిరగరాస్తుంది. లాంచర్ కూడా అంతే. రెండూ మూసేశాకే ఫైల్ ముట్టుకోండి. వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే డాక్యుమెంట్స్ ఫోల్డర్ వన్‌డ్రైవ్ కిందికి మారిపోయి ఉంటుంది, సీ డ్రైవ్‌లో పాత డాక్యుమెంట్స్ ఇంకా మిగిలి ఉంటే పొరపాటున దాన్నే మారుస్తుంటారు. ఇదీ మీ ఐఎన్ఐ కథలాంటిదే.

ఫ్యాన్ మోతకి మందు సులువు. ఫ్రేమ్‌ల పరిమితి 300 దగ్గర ఉంటుంది, మెనూలో గీయడానికి పెద్దగా ఏమీ ఉండదు కాబట్టి కార్డు ఆ 300 అందుకోవడానికి చూస్తుంది. 60కి, పోనీ 80కి తగ్గించండి. ఈ గేమ్ యానిమేషన్లకి 165 పెట్టినా ఒరిగేదేమీ లేదు. మేలో చెన్నైలో ఏసీ లేని గదిలో ఆడేవాళ్ళకైతే ఇది తప్పనిసరి. ఫ్రేమ్‌లు ఎంతున్నాయో చూడాలంటే ఎఫ్3.

ల్యాప్‌టాప్ కాబట్టి ఇంకొకటి చూడండి. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌కి వెళ్ళి ఓపెన్‌ఎండబ్ల్యూ.ఈఎక్స్ఈని చేర్చి హై పెర్ఫార్మెన్స్ పెట్టండి. పాత గేమ్‌ని చూసి విండోస్ ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్‌కి అప్పగించేయడం మామూలే.

కరెంటు పోతుందనుకునేవాళ్ళకి: ఎఫ్5 క్విక్‌సేవ్ మామూలుగా ఒక్కటే ఉంటుంది, కొత్తది పాతదాని మీద పడుతుంది. లాంచర్‌లో ఆ సంఖ్య 5 చేయండి. తలుపు దాటి లోపలికెళ్ళి, అక్కడ ఇరుక్కుపోయి ఎఫ్5 కొట్టినవాళ్ళకి కూడా ఇదే గతి. ఇరుక్కుంటే కన్సోల్‌లో (ఆటలో ఆదేశాలు టైప్ చేసే పెట్టె) టీసీఎల్ అని కొట్టండి, గోడల్లోంచి నడిచి బయటపడొచ్చు. బయటికొచ్చాక మళ్ళీ టీసీఎల్ కొట్టడం మరవద్దు.

---

ఎస్పీరోడ్_స్పెల్‌స్వోర్డ్ (బెంగళూరు)

ఆడటం మొదలెట్టే ముందు ఒకటి. ట్రిబ్యూనల్ ఆన్‌లో ఉంటే మొదటి లెవెల్‌లోనే నిద్రపోయినప్పుడు డార్క్ బ్రదర్‌హుడ్ హంతకుడు లేపి మరీ పొడుస్తాడు. ఎక్స్‌పాన్షన్ కథ అలా మొదలవుతుంది, బగ్ కాదు. కానీ వాడిని చంపగలిగితే ఒంటిమీదున్న కవచం ఆ దశలో ఉండాల్సిన దానికన్నా చాలా ఖరీదైంది, అమ్ముకుంటే డబ్బుకి లోటుండదు, ఆట తీరే చెడుతుంది. ట్రిబ్యూనల్ ఆపేద్దామంటే ప్యాచ్ ఫర్ ప్యూరిస్ట్స్ నడవదు. ఈ దాడిని మెయిన్ క్వెస్ట్‌లో కొంత దూరం వెళ్ళేదాకా వాయిదా వేసే చిన్న ఈఎస్‌పీ మాడ్లు ఉన్నాయి, ఒకటి వేసుకోండి. అవి రెండు ఇంజిన్లలోనూ నడుస్తాయి.

లెవెల్ పెరిగినప్పుడు ఎండ్యూరెన్స్ ముందు పెంచండి. ప్రతి లెవెల్‌కీ ఎండ్యూరెన్స్‌లో పదో వంతు హెల్త్ కలుస్తుంది, పోయిన లెవెళ్ళకి వెనక్కి లెక్క కట్టదు. ఇరవయ్యో లెవెల్‌లో పెంచితే అప్పటిదాకా పోయింది పోయినట్టే. మిగతా వాటికి క్యాలిక్యులేటర్ పట్టుకు కూర్చోకండి.

---

సిల్క్‌బోర్డ్_సిల్ట్‌స్ట్రైడర్ (బెంగళూరు)

దారి కనబడలేదని మళ్ళీ వస్తావు, ముందే చెప్తాండా. ఇందులో బాణం గుర్తు ఉండదు. జర్నల్లో 'వంతెన దాటి, ఎడమకి తిరిగి' అని రాసుంటాది, మనూళ్ళో ఆటోకి దారి చెప్పినట్ల. వాటిని చదివే పోవాల. బాల్మోరాలో హస్‌ఫాట్ అడిగే డ్వెమర్ పజిల్ బాక్స్ దగ్గరే శానామంది ఇరుక్కుంటారు. ఆ బాక్స్ ఉండే ఆర్క్‌న్‌థాండ్ శిథిలాల తలుపు తియ్యాలంటే వంతెన దగ్గరుండే గొట్టం మింద పిడి తిప్పాల. లోపల పెట్టె గదంత పెద్దదేమీ కాదు, అరచేతిలో పట్టే డబ్బా. పెద్ద యంత్రాలు చూసుకుంటా పోతే కంటికి ఆనదు. అరలన్నీ వెతుకు, చీకటిగా ఉంటే గామా పెంచు.

దూరాలకి సిల్ట్ స్ట్రైడర్ (మనుషుల్ని మోసే పెద్ద పురుగు), పడవ, మేజెస్ గిల్డ్ గైడ్ (మంత్రంతో ఇంకో ఊరికి పంపేటోడు). బాల్మోరా గిల్డ్ నించి ఆల్డ్‌రూన్, కాల్డెరా, వివెక్, సాడ్రిత్ మోరా నాలుగూ ఒక్క అడుగు. మార్క్, రికాల్ మంత్రాలు (గుర్తు పెట్టిన చోటికి తిరిగి తెచ్చేవి) నేర్చుకున్నాంక ఊరు తిరిగేది ఇంకా సులువు.

---

మడివాల_మంత్రగాడు

బీఎస్ఏలు టిక్ చేశాక ఆశ్చర్యార్థకాలు పోయాయి. టెక్స్చర్ ప్యాక్ నిజంగానే ఒక ఫోల్డర్ లోపలికి ఉంది. 60కి తగ్గించాక ఫ్యాన్ మాట లేదు. ఒకే ఒక్క ప్రశ్న: సంగీతం కొద్దే ఉంది, తిరిగి తిరిగి అవే వస్తున్నాయి. మనవి కలపొచ్చా?

---

అడయార్_ఆర్క్‌మేజ్ (చెన్నై)

కలపొచ్చు, మాడ్ కూడా అక్కర్లేదు. మీ సొంత మాడ్ ఫోల్డర్ ఒకటి చేసి అందులో మ్యూజిక్, దానికింద ఎక్స్‌ప్లోర్, బ్యాటిల్ అని రెండు ఫోల్డర్లు పెట్టి ఎంపీ3లు వేయండి. తిరిగేటప్పుడు ఎక్స్‌ప్లోర్‌లోవి, కొట్లాటలో బ్యాటిల్‌లోవి వాటంతటవే వస్తాయి. స్పెషల్ ఫోల్డర్ జోలికి పోవద్దు, చచ్చినప్పుడూ లెవెల్ పెరిగినప్పుడూ వినిపించేవి అందులో ఉంటాయి.

ఎంచుకునేటప్పుడు ఒక్కటి చూసుకోండి. క్లిఫ్ రేసర్ (మీద పడే ఎగిరే జంతువు) కనబడగానే నడుస్తున్న పాట తెగిపోయి బ్యాటిల్‌కి మారుతుంది, అయిపోయాక ఇంకో పాట ఎత్తుకుంటుంది. కాబట్టి ఇరవై నిమిషాల ఆలాపన పెడితే ఏనాడూ పల్లవిదాకా రాదు. మూడు నాలుగు నిమిషాల వీణ, వేణువు ముక్కలు ఎక్స్‌ప్లోర్‌కి బాగా కుదురుతాయి. బ్యాటిల్‌కి తవిల్ పెట్టండి. అన్నిటి వాల్యూమ్ ముందే ఒక స్థాయికి తెచ్చుకోండి, లేకపోతే అర్ధరాత్రి హెడ్‌ఫోన్స్‌లో ఎలుక ఎదురైన ప్రతిసారీ పెళ్ళి ఊరేగింపే.